వాన పడితే సెలవు



సెలవులు ముగిసి బడి తెరిచిన మొదటి వారములో నేను మీకు ప్రతి సంవత్సరము ఒకే వ్యాసము ఇస్తాను: "సెలవులు ఎలా గడిపాను?" మీరు కూడా ప్రతి సంవత్సరము ఒకే వ్యాసము వ్రాస్తారు: "మేము పెనాంగ్ వెళ్ళాము. చాలా సంతోషముగా ఉన్నది. తరువాత ఇంటికి వచ్చాము." ఇన్ని వారాల సెలవులు మూడు వాక్యాలలో అయిపోతాయి. ఈసారి నాలుగవ తరగతి విద్యార్థి ఒకడు లేచి నిలబడి, "టీచర్‌గారూ, మీరు మాత్రము ఒక్కసారి కూడా వ్రాయలేదు కదా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఆ రోజు నవ్వి ఊరుకున్నాను గాని ఇంటికి వెళ్ళిన తరువాత కూడా ఆ మాట నన్ను వదలలేదు. అందుచేత ఈ సంచికకు నా వ్యాసము నేనే వ్రాసి ఇస్తున్నాను. తప్పులు కనబడితే మీరు ఎర్ర సిరాతో దిద్దవచ్చును.

ముందుగా ఒక చిన్న పాఠము. తెలుగులో "సెలవు" అనే మాటకు మూడు అర్థాలు ఉన్నాయి. బడికి గాని పనికి గాని వెళ్ళనక్కరలేని రోజు సెలవు. పెద్దల అనుమతి కూడా సెలవే. "తమరు సెలవిస్తే వెళ్ళివస్తాను" అంటాము. వీడ్కోలు తీసుకొనుట కూడా సెలవే. ఉత్తరము చివర "ఇక సెలవు" అని వ్రాస్తాము. వీటిలో మొదటి అర్థము మీకందరికీ బాగా తెలుసు. కాని ఆ అర్థము అందరి ఇళ్ళలోను ఒకే విధముగా ఉండదని నాకు ముప్పై అయిదేళ్ళు దాటిన తరువాత గాని తెలియలేదు. అది నేర్పినది మా అమ్మ. నేర్పిన చోటు కామెరన్ హైలాండ్స్.

ఇది సుమారు 20 సంవత్సరాల క్రిందటి మాట. అప్పుడు మేము తెలుక్ ఇంతాన్‌లో ఉండేవాళ్ళము. నాకు ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి 11 ఏళ్ళు, నడిపివాడికి 8, చిన్నదానికి 5. మా ఇంటి విహారయాత్రలు ఎలా ఉండేవో చెబితే మీ ఇంటి యాత్రలు మీకు గుర్తుకు రావచ్చును. మా వారు ముందు రోజు రాత్రి సేనాధిపతి వలె నిలబడి, "తెల్లవారి ఆరు గంటలకు బయలుదేరవలెను" అని ఆజ్ఞ ఇస్తారు. తెల్లవారి ఆరు గంటలకు ఆయన ఒక్కరే కారులో కూర్చుని ఉంటారు. చిన్నదానికి ఒక చెప్పు దొరకదు. నడిపివాడు తన గోళీల డబ్బా లేనిదే రానంటాడు. పెద్దమ్మాయి ఇంకా తల దువ్వుకొంటూనే ఉంటుంది. ఎనిమిది గంటలకు కారు కదులుతుంది. వీధి మలుపు తిరిగేలోగా నేను, "గ్యాసు పొయ్యి ఆర్పినామా?" అని అడుగుతాను. కారు వెనుకకు తిరుగుతుంది. వెళ్ళి చూస్తే పొయ్యి ఆరియే ఉంటుంది. ఇన్నేళ్ళలో అది ఒక్కసారి కూడా వెలుగుతూ కనబడలేదు. అయినను నేను అడగక మానలేదు.

మా అమ్మ అప్పటికి మా ఇంటనే ఉండేది. దిగువ పేరాక్‌లోని ఒక రబ్బరు తోటలో నలభై ఏళ్ళు చెట్లు గీసి పని మానింది. ఆ తరువాత రబ్బరు చెట్లు కొట్టివేసి పామాయిలు చెట్లు నాటారు. మేము పుట్టిపెరిగిన ఇళ్ళ వరుస కూడా పోయింది. పెళ్ళిళ్ళకు, చావులకు, గుడి ఉత్సవాలకు తప్ప అమ్మ ఎక్కడికీ వెళ్ళి ఎరుగదు. ఆ సంవత్సరాంతపు సెలవులకు ఆమెను కూడా కొండకు తీసుకొని వెళ్ళవలెనని నిశ్చయించి ఒక సాయంత్రము చెప్పాను.

"ఏటీ, నీకు సెలవులా? ఎన్నాళ్ళు?" అని అడిగింది.

"ఇంచుమించు ఆరు వారాలమ్మా."

"ఆరు వారాలే! మరి జీతమో?"

"జీతము మామూలుగానే వస్తుందమ్మా."

"పని సెయ్యకపోయినా?"

"చెయ్యకపోయినా."

అబద్ధము ఆడుతున్న పిల్లను చూచినట్లు నన్ను చూచింది. ఆ రాత్రి నేను వంటగదిలో ఉండగా, మా వారిని మెల్లగా పిలిచి, "అల్లుడుగారూ, దాని ఉద్యోగానికి ముప్పేటీ నేదు గదా?" అని అడగడము నా చెవిని పడింది.

మొత్తము మీద బయలుదేరినాము. అమ్మ పులిహోర, పెరుగన్నము, ఆవకాయ సీసా, అటుకుల మూట, ఇంకా ఏమేమో కారు వెనుక సర్దింది. "కొండ మీద హోటళ్ళు ఉన్నాయి కదా, అత్తయ్యా" అన్నారు మా వారు. "ఉంటే ఉంటాయి బాబూ, ఆటిలో మన పులిహోర ఉంటాదేటి?" అన్నది అమ్మ. దానికి ఆయన వద్ద జవాబు లేదు.

బీడోర్ దాటి తాపా చేరినాము. తాపా నుండి తానా రాతాకు సుమారు 60 కిలోమీటర్ల కొండదారి. ఆ దారిలో తిన్నగా ఉన్న భాగము వెదికితే మా ఇంటి వసారా పొడవు కూడా ఉండదు. పది మలుపులు తిరిగేసరికి నడిపివాడి ముఖము తెల్లబడింది. ఇరవై మలుపులకు మొదటి సంచి నిండింది. లతా ఇస్కందర్ జలపాతము చేరేసరికి మా వద్ద ఉన్న సంచులన్నీ అయిపోయి, అటుకుల మూట విప్పి ఆ సంచి కూడా వాడవలసి వచ్చింది. అందరిలోను మా అమ్మ ఒక్కతే ఏ ఇబ్బంది లేకుండా కూర్చున్నది. "లారీ ఎనక నిలబడి తోటకెల్లిన ప్రాణమిది. దీన్నేటి సేస్తాయి మీ మలుపులు?" అని, మనుమడి నాలుక మీద ఉప్పు రాసిన నిమ్మబద్ద పెట్టింది. జలపాతము వద్ద ఓరాంగ్ అస్లీ వారి దుకాణములో పెతాయి కాయలు కనబడగానే దిగి, బేరమాడి, రెండు పెద్ద కట్టలు కొన్నది. మిగిలిన దారి అంతా ఆ వాసనకు కిటికీలు తెరచుకొని, చలికి వణుకుతూ ప్రయాణము చేసినాము. అందమైన దృశ్యాలు చాలా ఉన్నాయని తరువాత పుస్తకములో చదివాను.

మేము దిగినది ఒక చిన్న అతిథి గృహము. అందరికీ కలిపి ఒకే పెద్ద గది. చలి ఎక్కువగా ఉన్నందున అమ్మ తెచ్చుకొన్న చీరలన్నీ ఒకదానిపై ఒకటి కప్పుకొని పడుకొన్నది. తెల్లవారుజామున నాలుగు గంటలకు గదిలో దీపము వెలిగింది. కళ్ళు తెరచి చూస్తే, అమ్మ ఆ చలిలో చన్నీటి స్నానము ముగించి, జుట్టు ముడివేసి, తలకు గుడ్డ కట్టుకొని, మంచము అంచున కూర్చుని ఉన్నది.

"ఎక్కడికమ్మా?" అన్నాను.

"ఎక్కడికీ నేదు. మెలకువొచ్చేసినాది."

పని మాని పన్నెండేళ్ళు దాటినా ఆమెకు ఇంకా హాజరు పిలుపు వినబడుతూనే ఉన్నది. ఇంతలో పిల్లలు కూడా లేచారు. చిన్నది చప్పట్లు కొట్టి, "ఇప్పుడే వెళ్దామా?" అన్నది. మా వారు దుప్పటి లోపలి నుండి ఏదో అన్నారు. దానిని ఈ పత్రికలో వ్రాయలేను. నాలుగున్నరకు చీకటిలో చల్లని పులిహోర తిని విహారయాత్ర మొదలుపెట్టిన కుటుంబము ఆ కొండ మీద మాది ఒక్కటే అయి ఉంటుంది.

తెల్లవారిన తరువాత ఒక తేయాకు తోటకు వెళ్ళాము. నేను ఉపాధ్యాయినిని గనుక ఊరక ఉండలేకపోయాను. "పిల్లలూ, 1885లో విలియం కామెరన్ అనే ఆయన ఈ ప్రాంతమును సర్వే చేశాడు. అందుకే దీనికి ఆయన పేరు వచ్చింది. 1929లో ఈ కొండల మీద పెద్ద తేయాకు తోట పెట్టడము మొదలైంది" అని పాఠము చెప్పసాగాను. వినేవారు ఎవరూ లేరు. కొండల మీద పచ్చని తివాచీ పరచినట్లు తోట కనబడుతున్నది. అందరూ ఫోటోలు తీసుకొంటున్నారు. మా అమ్మ మాత్రము నడుము మీద చేయి వేసుకొని, ఈ చివరి నుండి ఆ చివరి వరకు చూచి, నా వైపు తిరిగింది.

"ఏటే, ఇంత దూరము తీసుకొచ్చి, మల్లీ తోటే సూపిస్తన్నావా?"

మా వారికి నవ్వు ఆగక మెట్ల మీద కూర్చుండిపోయారు. నాకు మాత్రము ఏమి చెప్పవలెనో తోచలేదు. నలభై ఏళ్ళు తోటలో పని చేసిన మనిషికి సెలవు రోజున చూపించుటకు నేను ఎంచి ఎంచి తెచ్చిన చోటు ఇంకొక తోట!

అయితే అమ్మ అక్కడి నుండి కదలలేదు. ఆమె చూచే చూపు వేరు. "వరసలు బాగా పెట్టినారు. కానైతే ఈ ఏటవాలు మీద మోత మోసీవోల్ల మోకాల్లు ఏటైపోతాయో" అన్నది. క్రింది వరుసలో ఒకడు పెద్ద కత్తెరతో ఆకు కత్తిరిస్తున్నాడు. ఏదో దూర దేశము నుండి పనికి వచ్చిన యువకుడు. అమ్మ గట్టు దిగి అతని వద్దకు వెళ్ళి, తనకు వచ్చిన తోట మలాయ్‌లో ఒకే ఒక ప్రశ్న అడిగింది: "హుజన్, గాజీ అడా?" వాన పడితే జీతము ఉన్నదా అని. అతడు ముందు ఆశ్చర్యపడి, తరువాత నవ్వి, "అడా, మక్‌చిక్" అన్నాడు. అమ్మ తల ఊపి పైకి వచ్చింది. "ఈ తోట పరవానేదు" అన్నది. ఆ పూట ఆమె మెచ్చుకొన్నది ఆ ఒక్కదానినే.

ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో పిల్లలకు అర్థము కాలేదు. ఆ మధ్యాహ్నమే అర్థమైంది. ఎందుకనగా వాన పట్టుకొన్నది. కొండ వాన ఒకసారి మొదలైతే తొందరగా పోదు. స్ట్రాబెర్రీ తోట లేదు, సంత లేదు, నడక లేదు. గదిలో అయిదు గోడలు ఉన్నట్లు పిల్లలు ఒకరినొకరు తోసుకొని పోట్లాడుకొన్నారు. చివరకు చిన్నది కిటికీకి ముక్కు ఆనించి, "ఈ వాన మన సెలవులన్నీ పాడు చేసింది" అని ఏడుపు మొదలుపెట్టింది.

"పాడు సేసిందేటి? మా తోటలో వాన పడితేనే సెలవు" అన్నది అమ్మ.

పిల్లలు ముగ్గురూ ఆమె చీరల గుట్టలోకి చేరారు. అప్పుడు అమ్మ తన పని గురించి చెప్పింది. రబ్బరు చెట్టు చల్లని వేళలో పాలు బాగా ఇస్తుంది. ఎండ ఎక్కితే ధార తగ్గిపోతుంది. అందుకే చీకటి ఉండగానే హాజరు. నుదుటికి దీపము కట్టుకొని, ఒక్కొక్క చెట్టు వద్ద వంగి, బెరడును పలుచగా గీయవలెను. లోతు ఎక్కువైతే చెట్టుకు గాయము, తక్కువైతే పాలు రావు. అలా సుమారు 500 చెట్లు. తరువాత మళ్ళీ మొదటి చెట్టు నుండి గిన్నెలలోని పాలు బకెట్లలో పోసుకొని, కావడి భుజాన వేసుకొని తూకమునకు తీసుకొని వెళ్ళవలెను. తెల్లవారుజామున వాన పడి బెరడు తడిస్తే గీత లేదు; పాలు గాడి తప్పి చెట్టు పొడవునా కారిపోతాయి. గీత లేకపోతే పని లేదు. అవి దినకూలి రోజులు గనుక పని లేకపోతే కూలి లేదు.

"మరి గీసిన తరువాత వాన వస్తే?" అని అడిగాడు నడిపివాడు.

"అదీ అసలైన వాన. గిన్నిల్లో నీల్లు నిండిపోయి పాలన్నీ పొర్లిపోతాయి. ఒల్లు పులిసీదాకా పని సేసినట్టే, సేతికి మాత్రము ఏటీ రానట్టే."

"అయితే అమ్మమ్మా, వాన వస్తే నీకు సంతోషమా, బాధా?" అని అడిగింది పెద్దమ్మాయి.

అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. నా వైపు చూచి నవ్వింది. "మీ అమ్మకి సంతోసము. నాకు బాద. అది వాన కోసము మొక్కీది, నాను ఎండ కోసము మొక్కీదాన్ని. రాములోరు ఎవరి మాటని ఇంటారు, పాపము?"

విద్యార్థులారా, నేను ఉలిక్కిపడినాను. అది నిజమే. నాకు ఏడేళ్ళ వయసులో బడికి సెలవులు వస్తే ఇంటిలో ఎవరూ ఉండేవారు కారు. చీకటిలో అమ్మ వెళ్ళిపోయేది. నేను లేచేసరికి చాప ఖాళీగా ఉండేది. కాని జింకు రేకుల మీద వాన శబ్దముతో మెలకువ వచ్చిన రోజున అమ్మ ప్రక్కనే ఉండేది. ఆ రోజు నా తలకు నూనె రాసేది, రొట్టె కాల్చేది, తన ఊరి కథలు చెప్పేది. అందుచేత సాయంత్రము తోటలోని రామమందిరములో భజనకు వెళ్ళినప్పుడల్లా, "స్వామీ, రేపు వాన పడేటట్లు చూడు" అని నేను మొక్కుకొనేదానిని. ఆ వారాలలో మా కంచములో కూర ఉండేది కాదని, చారుతోనే అన్నము తినేవాళ్ళమని నాకు గుర్తే ఉన్నది. కాని ఆ చారుకూ నా మొక్కుకూ సంబంధము ఉన్నదని ఆ వయసులో నాకు తెలియలేదు. తెలిసిన వయసు వచ్చేసరికి ఆ మొక్కులను మరచిపోయాను.

"నీకు ఎలా తెలుసమ్మా? నేను మనసులో మొక్కుకొనేదానిని కదా" అన్నాను.

"మనసులోనేటి? మందిరమంతా ఇనిపించీలాగ మొక్కీదానివి. భజన సేసీవోల్లందరూ నన్ను సూసి నవ్వీవోరు."

పిల్లలు పకపక నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత, "మరి నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదేమి?" అని అడిగాను.

"ఏటని తిట్టను? అమ్మ ఇంట్లో ఉండాలనే గదా మొక్కినావు" అన్నది.

నేను ఫ్లాస్కులో కాఫీ ఉన్నదేమో చూచుటకని లేచి అటు తిరిగాను. కాఫీ లేదని నాకు ముందే తెలుసు.

మరునాడు కూడా వానే. కాని ఆ ఉదయము ఒక వింత జరిగింది. నాలుగు గంటలకు దీపము వెలగలేదు. అయిదు, ఆరు, ఏడు గంటలైంది. అమ్మ లేవలేదు. పుట్టి బుద్ధి ఎరిగిన తరువాత అమ్మ నా తరువాత నిద్ర లేవడము నేను చూడలేదు. పిల్లలు కూడా కంగారుపడ్డారు. చిన్నది మెల్లగా మంచము ఎక్కి, ఆమె చెవి వద్ద, "అమ్మమ్మా, వాన పడుతోంది" అన్నది.

అమ్మ కళ్ళు తెరవకుండానే, "కూలుందా?" అని అడిగింది.

చిన్నది నా వైపు చూచింది. నేను తల ఊపాను. "ఉంది, అమ్మమ్మా."

"అయితే పడనీ" అని, అమ్మ అటు తిరిగి, చీరలన్నీ తల మీదుగా కప్పుకొని మళ్ళీ నిద్రపోయింది.

ఆ రోజు మేము ఎక్కడికీ వెళ్ళలేదు. మిగిలిన పులిహోర తిన్నాము. గోళీలు ఆడుకొన్నాము. మా వారు కూడా పదింటి వరకు నిద్రపోయి, ఇదే అసలైన విహారయాత్ర అన్నారు. మా ఇంటి యాత్రలు ఇప్పటికి ఎన్నో అయినాయి. చూచిన చోట్లను పిల్లలు చాలావరకు మరచిపోయారు గాని, ఏమీ చూడని ఆ రోజును మాత్రము ఎవరూ మరువలేదు.

ఆ తరువాత అమ్మ ప్రతి సంవత్సరము మాతో వచ్చింది. రైలులో పెనాంగ్ కొండ ఎక్కింది. లుముట్‌లో ఓడ ఎక్కి పంకోర్ దీవి చూచింది. సముద్రము ఎదుట కాళ్ళు చాపుకొని చాలాసేపు కూర్చుని, "దీనికి వరసల్నేవు, లెక్కనేదు. ఇది బాగుంది" అన్నది. తోట మాత్రము మళ్ళీ చూపించలేదు. నేను కూడా కొన్ని పాఠాలు నేర్చుకొంటాను.

ఇప్పుడు అమ్మ లేదు. పిల్లలు పెద్దవారై వేరు వేరు ఊళ్ళలో ఉద్యోగాలు చేస్తున్నారు. అందరూ కలిసి ఎక్కడికైనా వెళ్ళినప్పుడు వాన పడితే, ఎవరో ఒకరు, "కూలుందా?" అంటారు. ఇంకొకరు, "ఉంది" అంటారు. మిగిలినవాళ్ళు, "అయితే పడనీ" అంటారు. మా పిల్లలు మలాయ్‌లోనో ఆంగ్లములోనో మాట్లాడుకొంటూ ఉన్నా ఆ మూడు మాటలు మాత్రము తెలుగులోనే, మా అమ్మ పలికినట్లే పలుకుతారు.

ఇదే నా వ్యాసము. ఇప్పుడు మీ వంతు. ఈ వారము ఇంటికి వెళ్ళి మీ నానమ్మను గాని, అమ్మమ్మను గాని, తాతయ్యను గాని, "మీ చిన్నప్పుడు సెలవు అంటే ఏమిటి?" అని అడగండి. వారు చెప్పినది చెప్పినట్లుగా, వారి మాటలలోనే వ్రాసుకొని రండి. మూడు వాక్యాలతో సరిపెట్టవద్దు. వారి మాటలు మన పాఠ్యపుస్తకములోని మాటల వలె లేకపోయినా నేను ఎర్ర సిరాతో దిద్దను.

ఇక సెలవు.

మీ తెలుగు ఉపాధ్యాయిని